అంటువ్యాధులపై స్థానికంగా కన్నేసి ఉంచాలంటే: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది?

కాలనీ కమిటీ కావచ్చు, స్కూలు యాజమాన్యం కావచ్చు, హాస్టల్ వార్డెన్ కావచ్చు, చిన్న ఆరోగ్య కేంద్రం కావచ్చు. అంటువ్యాధుల లెక్క మనమే పెట్టుకుందాం అని ఎవరు అనుకున్నా మొదటి మీటింగ్‌లో వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: ఏ యాప్ వాడదాం? ఆ ప్రశ్న ఆఖర్న రావాలి. ముందు తేలాల్సినవి రెండున్నాయి. ఏ జబ్బు గురించి తెలుసుకోవాలి? తెలిసిన మర్నాడు ఏం చేస్తారు?

రెండో ప్రశ్నకు జవాబు లేకుండా సేకరించే లెక్కలు ఎవరికీ అక్కరకు రావు. తాగునీటి శాంపిల్ తీసి క్లోరిన్ వేయిస్తాం, టీకా పడని పిల్లల్ని వెతుకుతాం, నిల్వ నీళ్లు పారబోయిస్తాం, జ్వరం ఉన్నవాళ్లను తరగతికి రానివ్వం... ఇలా ఏదో ఒక పని పేరు పెట్టి చెప్పగలిగితే దానికి ఎంత వివరం కావాలో, ఎంత తొందరగా కావాలో చాలావరకు తేలిపోతుంది. నీటి ట్యాంకు శుభ్రం చేయించడానికి రోగుల పేర్లు అక్కర్లేదు, ఏ వీధిలో ఎంతమందికి విరేచనాలు అవుతున్నాయో తెలిస్తే చాలు. అదే తట్టు అయితే, ఆ పిల్లవాడు ఎవరెవరి పక్కన కూర్చున్నాడో కూడా తెలియాలి.

జబ్బు వేగం, కబురు వేగం

పద్ధతుల్ని పోల్చడానికి నేను మొదట చూసేది ఖర్చు కాదు, ఆలస్యం. కలరా క్రిమి ఒంట్లోకి వెళ్లాక 12 గంటల నుంచి 5 రోజుల్లోపు లక్షణాలు బయటపడతాయి. ఫ్లూకి 1 నుంచి 4 రోజులు. తట్టులో దద్దుర్లు కనిపించడానికి దాదాపు 2 వారాలు పడుతుంది, పైగా దద్దుర్లకు 4 రోజుల ముందు నుంచే ఆ పిల్లవాడు పక్కవాళ్లకు అంటిస్తుంటాడు. హెపటైటిస్ ఎ వల్ల వచ్చే కామెర్లకు 2 నుంచి 7 వారాలు. టీబీ అయితే నెలలూ ఏళ్లూ.

నెలకోసారి వచ్చే రిపోర్టు టీబీకి సరిపోతుంది. కలరాకి అది చేతికందేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. కాబట్టి ఏ పద్ధతినైనా ఇలా కొలవండి: ఒకరికి లక్షణాలు మొదలైన రోజు నుంచి, ఏదైనా చేయగలిగిన మనిషికి ఆ సంగతి తెలిసే రోజు వరకు ఎన్ని రోజులు? ఆ లెక్క, జబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి పాకి కనపడటానికి పట్టే కాలం కంటే తక్కువ ఉండాలి. ప్రజారోగ్య రంగంలో ఇప్పుడు 7-1-7 అనే లక్ష్యం బాగా వాడుకలోకి వచ్చింది. వ్యాప్తి మొదలైన 7 రోజుల్లో కనిపెట్టాలి, కనిపెట్టాక 1 రోజులో పైవాళ్లకు చెప్పాలి, ఆపై 7 రోజుల్లో తొలి చర్యలు పూర్తవ్వాలి. పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా 2013 డిసెంబరులో గినీలో మొదలైందని భావిస్తున్నారు. అది ఎబోలానే అని తేలింది 2014 మార్చిలో. ఆ మూడు నెలల్లో అది ఎన్ని ఊళ్లు దాటిందో తర్వాత ప్రపంచమంతా చూసింది.

క్లినిక్ నుంచి వచ్చే లెక్క

అన్నిటికంటే చవక, అన్నిటికంటే పాత పద్ధతి ఇదే. రోగి డాక్టర్ దగ్గరికి వస్తాడు, డాక్టర్ రాసి పంపుతాడు. కొత్తగా మనుషుల్ని పెట్టుకోనక్కర్లేదు, జబ్బేమిటో కొంత నమ్మకంగా తెలుస్తుంది. లోటు కూడా అందరికీ తెలిసిందే: జబ్బు చేసినవాళ్లలో కొందరే డాక్టర్ దగ్గరికి వెళ్తారు, వెళ్లినవాళ్లలో కొందరికే పరీక్ష చేస్తారు, పరీక్ష చేసిన వాటిలో కొన్నే రిజిస్టర్‌కి ఎక్కుతాయి. అయినా ఈ లోటు మరీ పెద్దది కాదంటాను. ప్రతి వారం ఒకే నిష్పత్తిలో కేసులు జారిపోతుంటే, పెరుగుదల ఎలాగూ కనపడుతుంది.

అసలు ప్రమాదం నిశ్శబ్దం. ఒక వారం రిపోర్టు రాలేదంటే కేసులు లేవనా, రాసేవాళ్లు సెలవులో ఉన్నారనా? దీనికి మందు సున్నా రిపోర్టు. కేసులు లేని వారం కూడా "ఈ వారం సున్నా" అని తప్పకుండా పంపాలి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క అలవాటు లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఖాళీ గడి ఖాళీగానే కనిపిస్తుంది. పోలియో నిఘాలో ఇంకో అడుగు ముందుకేశారు. 15 ఏళ్లలోపు పిల్లల్లో అకస్మాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడితే, కారణం ఏదైనా సరే, రిపోర్టు చేయాలి. పోలియో లేకపోయినా వేరే కారణాల వల్ల ఏటా లక్ష మంది పిల్లలకు కనీసం ఒక్క కేసైనా ఇలా దొరకాలి. దొరకలేదంటే అక్కడి పిల్లలందరూ బాగున్నారని సంతోషించరు, వెతికేవాళ్లు వెతకడం లేదని అనుమానిస్తారు.

మీ దగ్గర ఒకటో రెండో క్లినిక్‌లుండి, ఎక్కువమంది అక్కడికే వెళ్తుంటే ముందు దీన్నే గట్టిపరచుకోండి. మిగతావన్నీ తర్వాత.

లక్షణాలు లెక్కపెట్టాలా, ల్యాబ్ రిజల్ట్ కోసం ఆగాలా?

ఇక్కడే వాదనలు ఎక్కువ. "ల్యాబ్‌లో తేలనిది లెక్కలోకి రాదు" అని ఒకరు, "రిజల్ట్ వచ్చేదాకా కూర్చుంటే కొంప మునుగుతుంది" అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే, కాకపోతే వేర్వేరు పనులకు.

లక్షణాల లెక్క తొందరగా వస్తుంది. దానికి కావాల్సింది అందరికీ ఒకే నిర్వచనం. రోజుకు 3 సార్లు లేదా అంతకంటే ఎక్కువ పల్చటి విరేచనాలైతే అతిసారం. 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, దగ్గు, రెండూ గత 10 రోజుల్లో మొదలైతే ఫ్లూ లాంటి జబ్బు. జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి దద్దుర్లుంటే తట్టు అనుమానం. ఇంతకంటే క్లిష్టం చేయకండి. నిర్వచనాన్ని మధ్యలో మార్చారంటే గ్రాఫ్ ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

ల్యాబ్ కోసం ఆగితే దొరికేది ఖచ్చితత్వం. అది కూడా అనుకున్నంత సూటిగా ఉండదు. ఒక ర్యాపిడ్ టెస్ట్ జబ్బున్న 100 మందిలో 95 మందిని పట్టుకుంటుందనుకుందాం, జబ్బు లేని 100 మందిలో 95 మందికి సరిగ్గా నెగెటివ్ చూపిస్తుందనుకుందాం. వినడానికి మంచి టెస్టే. 10,000 మంది జనంలో నిజంగా జబ్బున్నవాళ్లు 100 మందే అయి, అందరికీ ఆ టెస్ట్ చేస్తే జబ్బున్న 95 మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేని 9,900 మందిలో 495 మందికీ పాజిటివ్ వస్తుంది. మొత్తం 590 పాజిటివ్‌లలో నిజమైనవి 95, అంటే దాదాపు 16 శాతం. జబ్బు అరుదుగా ఉన్నప్పుడు లక్షణాలు లేనివాళ్లందరికీ టెస్టులు చేయించడం టెన్షన్ పెంచుకోవడమే. అదే టెస్ట్‌ను లక్షణాలున్నవాళ్లకు, కేసు బయటపడిన ఇంటివాళ్లకు పరిమితం చేస్తే అదే చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్లలో జబ్బు ఉండే అవకాశం ముందే ఎక్కువ.

నా సలహా ఇదీ. గంట మోగించడానికి లక్షణాలు, ఏ జబ్బో తేల్చడానికి ల్యాబ్. వ్యాప్తి మొదలయ్యాక తొలి కొద్దిమంది శాంపిళ్లు పంపి కారణం నిర్ధారించుకుంటే చాలు. ఆ తర్వాత అదే చోట అవే లక్షణాలతో వచ్చే ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయాల్సిన పనిలేదు. కలరా వ్యాప్తిలో అనుభవజ్ఞులు చేసేది ఇదే. పోలియో, తట్టు నిర్మూలన దశకు వచ్చిన చోట మాత్రం ఈ సూత్రం చెల్లదు. అక్కడ ప్రతి అనుమానిత కేసుకూ శాంపిల్ తీయాల్సిందే.

ఇల్లిల్లూ తిరగడం, స్వచ్ఛంద కార్యకర్తలు

మనమే గడప గడపకూ వెళ్లి అడిగితే, క్లినిక్‌కి రానివాళ్లు కూడా దొరుకుతారు. మశూచిని తుడిచిపెట్టింది టీకా ఒక్కటే కాదు, ఈ వెతుకులాట కూడా. జబ్బు సోకిన పిల్లవాడి ఫొటో ఉన్న కార్డు పట్టుకుని ఇళ్ల దగ్గర, బడుల్లో, సంతల్లో "ఇలాంటివాళ్లను చూశారా?" అని అడిగేవాళ్లు. కేసు చూపించినవాళ్లకు బహుమతి ఇచ్చేవాళ్లు. ఒక కేసు దొరికితే చుట్టుపక్కల అందరికీ టీకా. భారత్‌లో 1973లో ఈ వెతుకులాట మొదలైనప్పుడు, అప్పటిదాకా రిజిస్టర్లలో ఉన్న వాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కేసులు బయటపడ్డాయి. 1980లో ప్రపంచం నుంచే మశూచి పోయిందని ప్రకటించారు.

నారికురుపు (ఒంట్లో పెరిగిన పొడవాటి పురుగు చర్మం చీల్చుకుని బయటికొచ్చే జబ్బు) కథ నాకు ఇంకా ఇష్టం. దానికి టీకా లేదు, మందు లేదు. ఊరి మనుషులే వాలంటీర్లుగా కేసులు చూసి చెప్పడం, పురుగు బయటికొచ్చిన మనిషిని 24 గంటల్లోపు చెరువులోనో బావిలోనో దిగకుండా చూసుకోవడం, నీళ్లు వడకట్టుకోవడం. ఇంతే. 1986లో ఏటా దాదాపు 35 లక్షల కేసులుండేవని అంచనా. 2023లో ప్రపంచమంతా కలిపి 14.

ఈ రెండిటిలో ఉన్న సౌలభ్యం గమనించండి. మశూచి మచ్చల్ని, చర్మం చీల్చుకొచ్చే పురుగును చదువు లేనివాళ్లు కూడా గుర్తుపడతారు. జబ్బును కళ్లతో చూసి గుర్తుపట్టగలిగితే వాలంటీర్ల పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. ఒట్టి జ్వరం, ఒట్టి దగ్గు లాంటివాటికి పనిచేయదు. ప్రతి ఇంట్లో ఎవరికో ఒకరికి జ్వరం ఉంటుంది, వాలంటీర్ వారం తిరక్కుండా విసిగిపోతాడు. అందుకని వాలంటీర్లకు నాలుగైదు సంకేతాలకు మించి ఇవ్వొద్దు: నీళ్ల విరేచనాలు, జ్వరంతో దద్దుర్లు, కామెర్లు, కుక్క కాటు, ఒకే ఇంట్లో లేదా వీధిలో తక్కువ వ్యవధిలో ఒకటికి మించి కారణం తెలియని చావులు. ఆఖరిది తప్పకుండా ఉండాలి. ఏ జబ్బో పేరు తెలియని కొత్త ఉపద్రవం ఆ రూపంలోనే వస్తుంది.

ఖర్చు మాటకొస్తే, ఇల్లిల్లూ తిరగడాన్ని ఏడాది పొడవునా నడపడం ఎవరివల్లా కాదు. వ్యాప్తి ఉందని తెలిసినప్పుడు, కేసు చుట్టూ కొన్ని వీధులకు, కొన్ని వారాలకు పెట్టుకోవాలి. వాలంటీర్లు మాత్రం ఏడాదంతా ఉండొచ్చు, ఒక షరతు మీద: వాళ్లు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు కదిలి రావాలి. రెండుసార్లు చెప్పినా ఎవరూ రాకపోతే మూడోసారి చెప్పరు.

మురుగునీటి పరీక్ష

కోవిడ్ తర్వాత అందరి నోటా ఇదే. ఆ మోజుకు కారణం లేకపోలేదు. పోలియో వైరస్ సోకిన దాదాపు 200 మందిలో ఒక్కరికే పక్షవాతం వస్తుంది, మిగతావాళ్లు తెలియకుండానే వారాల తరబడి మలంలో వైరస్ వదులుతుంటారు. రోగుల్ని లెక్కపెట్టే ఏ పద్ధతికీ వాళ్లు దొరకరు. 2013లో ఇజ్రాయెల్‌లో మురుగునీటిలో పోలియో వైరస్ దొరికింది. ఒక్క బిడ్డకు కూడా పక్షవాతం రాకముందే టీకా కార్యక్రమం మొదలుపెట్టారు. 2022లో లండన్ మురుగునీటిలో, చుక్కల టీకాలోని బలహీన వైరస్ మారి పుట్టిన పోలియో రకం కనిపించగానే అక్కడి 1 నుంచి 9 ఏళ్ల పిల్లలకు అదనపు డోసు ఇచ్చారు. 2020 ఆగస్టులో అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీలో ఒక హాస్టల్ మురుగులో కరోనా ఆనవాళ్లు చూసి అందరికీ టెస్ట్ చేస్తే, లక్షణాలు లేని ఇద్దరు విద్యార్థులు దొరికారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లారా, టెస్ట్ చేయించుకున్నారా అనే దానితో పని లేకుండా అందరి సంగతీ ఒకే శాంపిల్‌లో వస్తుంది, పేర్లు బయటపడవు. అందుకే దీన్ని ఇష్టపడతాను. కానీ చిన్న సముదాయాలకు దీన్ని సిఫార్సు చేయడానికి మాత్రం చాలాసార్లు వెనకాడతాను. మొదటిది, ఇళ్లు ఒకే డ్రైనేజీకి కలిసి ఉండాలి. సెప్టిక్ ట్యాంకులున్న చోట శాంపిల్ ఎక్కడ తీస్తారు? రెండోది, వాన పడితే నీళ్లు కలిసి సంకేతం పల్చబడుతుంది, కాబట్టి ఈ వారం అంకెను పోయిన వారంతో నేరుగా పోల్చలేం. మూడోది, ఎంతమందికి ఉందో, ఎవరికి ఉందో చెప్పదు. నాలుగోది, పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) చేసే ల్యాబ్ అందుబాటులో ఉండి రెండు మూడు రోజుల్లో రిజల్ట్ ఇవ్వాలి. అది రెండు వారాలైతే క్లినిక్ రిజిస్టరే ముందు చెబుతుంది.

పెద్ద పట్టణం, పెద్ద హాస్టల్ క్యాంపస్, పోలియో లాంటి నిశ్శబ్ద వైరస్ భయం ఉన్న చోట ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది. వందో రెండొందలో ఇళ్ల సముదాయానికి ఆ డబ్బు తాగునీటి పరీక్షల మీద పెట్టడం నయం.

పరోక్ష సంకేతాలు

స్కూల్లో గైర్హాజరు, మందుల షాపులో జ్వరం మాత్రల అమ్మకాలు, ఇంటర్నెట్‌లో జనం వెతికే మాటలు, ఆ చోటా ఈ చోటా వినిపించే పుకార్లు. ఇవన్నీ డాక్టర్ కంటే ముందు తెలుస్తాయి, డాక్టర్ అంత స్పష్టంగా చెప్పవు.

జనం గూగుల్‌లో వెతికే మాటల్ని బట్టి ఫ్లూ ఎంతుందో అంచనా వేసే గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2008లో వచ్చినప్పుడు ఇక సర్వేలతో పనేముంది అన్నవాళ్లున్నారు. 2009లో కొత్త ఫ్లూ తొలి అలను అది తక్కువ అంచనా వేసింది, 2012-13 సీజన్‌లో అసలు కంటే దాదాపు రెట్టింపు చూపించింది, 2015లో ఆపేశారు. వార్తల్లో ఫ్లూ ఎక్కువైతే ఒంట్లో బాగున్నవాళ్లూ ఫ్లూ గురించి వెతుకుతారు కదా.

పుకార్లను మాత్రం తేలిగ్గా తీసేయకండి. 2003 ఫిబ్రవరిలో చైనాలో వింత న్యుమోనియా గురించిన కబురు ప్రోమెడ్ అనే ఈమెయిల్ వేదికలో ఒక ప్రశ్నగా వచ్చింది, అది సార్స్. ఒకరు రోజూ పుకార్లు రాసిపెట్టి, రెండు ఫోన్లు చేసి నిజమో కాదో తేల్చే ఏర్పాటుంటే అది ఖర్చు లేని ముందస్తు హెచ్చరిక. చిన్న సముదాయానికి వీటిలో అన్నిటికంటే పనికొచ్చేది స్కూలు గైర్హాజరు, అదీ కారణంతో సహా రాస్తేనే. "రాలేదు" అని కాకుండా "జ్వరం", "దద్దుర్లు", "పెళ్లి" అని రాయాలి.

జనమే తమ లక్షణాలు ఫోన్‌లో నింపే యాప్‌లు కొన్ని దేశాల్లో ఫ్లూ కోసం ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. వేలాదిమంది ప్రతి వారం నింపితే అవి బాగుంటాయి. చిన్న చోట మొదటి నెల ఉత్సాహం తర్వాత నింపేది ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న కొందరే.

డెంగ్యూకి వేరే దారి. సోకినవాళ్లలో చాలామందికి లక్షణాలే ఉండవు కాబట్టి రోగుల లెక్క ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. లార్వా ఉన్న ఇళ్ల శాతం, ప్రతి 100 ఇళ్లకు లార్వా ఉన్న పాత్రల సంఖ్య రాసుకుంటే ఏ వీధిలో నీళ్లు పారబోయించాలో తెలుస్తుంది. వ్యాప్తి ఎప్పుడొస్తుందో ఆ అంకెలు చెబుతాయని మాత్రం ఆశపడొద్దు.

కాగితమా, స్ప్రెడ్‌షీటా, సాఫ్ట్‌వేరా?

వారానికి పది కేసుల్లోపు అయితే రిజిస్టర్ పుస్తకం చాలు. అంతకు మించితే స్ప్రెడ్‌షీట్, ఒక వరుసకు ఒక మనిషి. వయసు, ఆడా మగా, ఇల్లున్న చోటు, లక్షణాలు మొదలైన తేదీ, ఏ లక్షణాలు, శాంపిల్ తీశారా, ఏం తేలింది, ఏమైంది. చాలామంది రిపోర్టు చేసిన తేదీ రాసి, లక్షణాలు మొదలైన తేదీ వదిలేస్తారు. అప్పుడు గ్రాఫ్ జబ్బును కాక క్లర్కు పనివేళల్ని చూపిస్తుంది, సోమవారం పెద్ద పొడుగు గీత, ఆదివారం సున్నా. చోటు గడి కూడా అంతే ముఖ్యం. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టర్ కలరా చావులు ఏ ఇళ్లలో జరిగాయో చూపిస్తూ గీసిన మ్యాప్ గురించి అందరూ చెబుతారు, చనిపోయినవాళ్ల అడ్రసులు రిజిస్టర్‌లో ముందే రాసి ఉండబట్టి అది సాధ్యమైందని తక్కువమంది చెబుతారు.

సాఫ్ట్‌వేర్ ఎప్పుడంటే, అనేక చోట్ల నుంచి లెక్కలు ఒకచోటికి రావాలి, ఎవరికి ఏం కనపడాలో విడదీయాలి అన్నప్పుడు. నెట్ లేకపోయినా నింపడానికి వీలున్నదే తీసుకోండి. ఇక బయటికి చెప్పేటప్పుడు ఏ వీధిలోనైనా 5 కంటే తక్కువ కేసులుంటే వీధి పేరు రాయకుండా పక్క వీధులతో కలిపి చెప్పండి. చిన్న చోట "45 ఏళ్ల మగవాడు, టీబీ" అంటే పేరు చెప్పినట్టే. ఒకసారి అలా జరిగితే తర్వాతి రోగి మీకు దొరకడు.

మరి ఏది ఎంచుకోవాలి?

క్లినిక్ దగ్గర్లో ఉన్న కాలనీ లేదా ఊరు అయితే క్లినిక్ లెక్క, సున్నా రిపోర్టు, పైన స్కూలు గైర్హాజరు. ఇదే నా ఓటు, చాలా చోట్లకు ఇంతకు మించి అక్కర్లేదు. క్లినిక్ దూరమైతే నాలుగైదు సంకేతాలు నేర్చిన వాలంటీర్లు, వాళ్ల ఫోన్ ఎత్తే ఒక మనిషి. హాస్టల్, వృద్ధాశ్రమం లాంటి చోట రోజువారీ లక్షణాల పట్టిక. అక్కడ వారం ఆగడం కుదరదు, ఒకే గదిలో రెండు విరేచనాల కేసులంటే ఆ రోజే వంటగది చూడాలి. పెద్ద పట్టణానికి కొన్ని ఎంపిక చేసిన ఆసుపత్రుల నుంచి వారంవారం లెక్క, ల్యాబ్ శాంపిళ్లు, వీలైతే మురుగునీరు.

ఎంత పెరిగితే గంట మోగించాలి అనేదీ ముందే రాసుకోవాలి. పాత ఏళ్ల లెక్కలుంటే అదే వారానికి సగటు తీసి, దానికి రెండు ప్రామాణిక విచలనాలు (స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతాయో చెప్పే కొలత) కలిపిన అంకెను గీతగా పెట్టుకోవడం రివాజు. చిన్న చోట చాలా వారాలు సున్నాలే ఉంటాయి, ఆ సూత్రం పిచ్చి గంటలు మోగిస్తుంది. అక్కడ జబ్బును బట్టి గీయాలి: కలరా, పోలియో, తట్టు అనుమానం అయితే ఒక్క కేసుకే. విరేచనాలైతే ఒకే నీటి వనరు వాడే ఇళ్లలో వారంలో మూడు నాలుగు. గంట మోగగానే మీరే ఆపేద్దామని కూర్చోకుండా ప్రభుత్వ ఆరోగ్య అధికారికి చెప్పాలి. చాలా దేశాల్లో ఈ జబ్బుల్లో కొన్నింటిని తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి.

వ్యాప్తి అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలో కూడా అదే కాగితం మీద ఉండాలి. మామూలుగా ఆఖరి కేసు తర్వాత, ఆ జబ్బు బయటపడటానికి పట్టే గరిష్ఠ కాలానికి రెట్టింపు రోజులు కొత్త కేసు లేకుండా గడవాలి. ఎబోలాకి ఆ కాలం 21 రోజులు కాబట్టి 42 రోజులు ఆగుతారు. అన్ని రోజులూ సున్నా రిపోర్టు మాత్రం రోజూ రావాలి. ఆ తర్వాత వారానికోసారికి మారొచ్చు.